మేకప్ పెట్టె పట్టిన మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

నీవు బ్యాంకు ఉద్యోగం వదిలి, హైదరాబాదులో ఫ్యాషన్ షూట్లకు మేకప్, హెయిర్ రెండూ చేసే పనిలోకి దిగుతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినబడింది. నాకు ముందు గర్వం కలిగింది, ఆ వెనుకనే దిగులు పట్టుకున్నది. మద్రాసు కోడంబాక్కంలో హెయిర్ డ్రెస్సర్‌గా మొదలుపెట్టి, పరిశ్రమతో పాటే హైదరాబాదుకు వచ్చి, సినిమాలకూ చీరల ప్రకటనలకూ జడలు వేసి బతికినదాన్ని కనుక, ఈ పనిలో ఎక్కడ ఎవరికి దెబ్బ తగులుతుందో నాకు కొంత తెలుసు. అది చెప్పకుండా ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాల్ టైమ్‌కు, అంటే షూటుకు రమ్మన్న వేళకు, అరగంట ముందే ఉండు. ఏ తీరు అలంకరణ కావాలో చూపే బొమ్మల పలక, ఆ మూడ్ బోర్డును ముందు రోజే అడిగి తెప్పించుకో. తల మీదుగా తొడిగే బట్టలైతే అవి వేసుకున్న తరువాతే మేకప్ మొదలుపెట్టు. షూటు ముగిసిన రాత్రే బ్రష్షులు కడిగి, నీరు పిడిలోకి దిగకుండా పడుకోబెట్టి ఆరబెట్టు. ఇవన్నీ నీకు కోర్సులోనే నేర్పి ఉంటారు.

మేకప్ కిట్టు కోసం అప్పు చేశావని మీ అమ్మ చెప్పినప్పుడు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. వీడియోలలో కనబడే ప్రతి రంగుల పలకా నీ పెట్టెలో ఉండవలసిన అవసరం ఏమున్నది? లేతది, చామనది, ముదురుది, బాగా ముదురుది, ఈ నాలుగు ఫౌండేషన్లనూ ఒక స్టీలు ప్లేటు మీద సరిగ్గా కలపడం వచ్చినవారికి మన వైపు ముఖాలలో చాలావాటికి రంగు దొరుకుతుంది. డబ్బు పెట్టదలచుకుంటే మంచి లైటు మీద పెట్టు, మోడల్ మెడ నొప్పి పుట్టకుండా కూర్చోగలిగే ఎత్తైన కుర్చీ మీద పెట్టు, ఒకసారి వాడి పారవేసే సామాను మీద పెట్టు.

ఆ పారవేసే సామాను గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే కళ్ళ విషయంలో నాకు మొదటినుంచీ భయమే. ఒక్క రోజులో ఐదారుగురు అమ్మాయిలు నీ ముందు కూర్చుంటారు. వారిలో ఒకరికి కళ్ళకలక మొదలయి ఉండవచ్చు, అది ఇంకా బయటపడి ఉండకపోవచ్చు. ఒకే మస్కారా పుల్లను అందరి రెప్పలకూ వాడితే సాయంత్రానికి ఆ జబ్బును అందరికీ నీవే పంచిపెట్టినట్లు అవుతుంది. మనిషి మారితే పుల్ల మారాలి. ఒకసారి రెప్పకు తగిలిన పుల్లను అదే మనిషికైనా సరే తిరిగి గొట్టంలో ముంచకూడదు. తెరిచిన గొట్టం మూడు నెలలు దాటితే, సగం మిగిలి ఉన్నా పారవేయి. లిప్‌స్టిక్కునూ క్రీమునూ గరిటెతో గీసి ప్లేటు మీదికి తీసుకో. కాటుక పెన్సిలును ప్రతి మనిషికీ ముందు చెక్కి, డెబ్భై శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువు. తొంభైతొమ్మిది శాతం సీసా ఇంకా మంచిదని దుకాణంలో చెబుతారు, నమ్మవద్దు. అది క్రిములను చంపేలోపే ఆవిరైపోతుంది, పని జరగడానికి అందులో కొంత నీరు ఉండాలి. అంటించే రెప్పల జిగురు చాలావాటిలో లేటెక్స్ అనే రబ్బరు పదార్థం ఉంటుంది కనుక, అది పడని వారెవరైనా ఉన్నారేమో ముందే అడుగు. అనుమానం ఉంటే ఒకటి రెండు రోజుల ముందు మోచేతి మడత దగ్గర కాస్త రాసి చూడు. బొట్టుబిళ్ళలను కూడా తేలికగా తీసుకోకు. కొన్నింటి జిగురులోని రసాయనం వల్ల నుదుట తెల్లమచ్చ పడడం వైద్యులకు తెలిసిన విషయమే. మచ్చ ఉన్న అమ్మాయి ఎవరైనా వస్తే ఆమెకు బొట్టు బ్రష్షుతోనే దిద్దు.

ఇప్పుడు చెప్పబోయేది ఫిల్ము రోళ్ళతో ఫోటోలు తీసే రోజుల నాటి సంగతి. ఒక పట్టుచీరల దుకాణం వారు పెళ్ళిళ్ళ సీజనుకు క్యాటలాగు వేయించదలచారు. ఫోటోగ్రాఫరు ఎంపిక చేసిన అమ్మాయి నల్లని పిల్ల. పొడవైన మెడ, విశాలమైన నుదురు, ఏ చీర కట్టినా ఆ చీరకే అందం తెచ్చే నిలకడ ఆమెది. ముఖానికి మేకప్ వేయడానికి అనుభవం గల మేకప్‌మ్యాన్ ఒకాయన వచ్చారు, జడ నాది. ఆయన పని మొదలుపెట్టబోగానే దుకాణం తరఫు మనిషి వచ్చి, ‘రెండు షేడ్లు తేల్చండి, పెళ్ళికూతురు కదా’ అన్నాడు. ఆ మాట ఆ పిల్ల వినేటట్లే అన్నాడు. మేకప్‌మ్యాన్‌కు అది తప్పని తెలుసు. ఆయన చేయి ఒక్క క్షణం ఆగడం నేను అద్దంలో చూశాను. అయినా డబ్బిచ్చేవాడి మాట కనుక లేత ఫౌండేషను తీసి ముఖానికీ మెడకూ దట్టంగా పట్టించి, పైన తెల్లని పౌడరు అద్దారు. చేతులను వదిలేశారు. గదిలోని పసుపుపచ్చని బల్బుల కింద అది ఒక మాదిరిగా నిండుగానే కనబడింది. లైటింగు సరిచూసుకోవడానికి తీసిన పోలరాయిడ్, అంటే అప్పటికప్పుడే చేతికి వచ్చే ఫోటో, అరచేతిలో పట్టేటంత చిన్నది, అందరూ అందులో చీర అంచునే చూశారు.

మరునాడు ల్యాబు నుంచి ట్రాన్స్‌పరెన్సీలు, అంటే వెలుగు మీద పెట్టి చూసే రంగుల ఫిల్ము ముక్కలు, వచ్చాయి. లైటుపెట్టె మీద పరిచి భూతద్దం పెట్టి చూస్తే ముఖం బూడిద రంగులో ఉన్నది. పైట పట్టుకున్న చేయి ఒకరిది, ముఖం వేరొకరిది అన్నట్లు తోచింది. ఫౌండేషనులో తెల్లదనానికి కలిపే టైటానియం డయాక్సైడు ముదురు చర్మం మీద నీలి బూడిద ఛాయనిస్తుంది, ఫ్లాష్ పడితే అది ఇంకా పైకి తేలుతుంది. ప్రెస్సులో సరిచేద్దామని ముఖానికి ఎరుపూ పసుపూ పెంచబోతే పేజీ అంతా ఆ రంగే పాకింది. అసలు గంధపు రంగు చీర అచ్చు నమూనాలో పసుపు ముద్దలా వచ్చింది. రంగు తప్పిన చీర బొమ్మతో చీరలమ్మేదెట్లా? క్యాటలాగు మొత్తం మళ్ళీ తీయవలసి వచ్చింది.

ఇంత జరిగాక నింద ఎవరి మీద పడిందో తెలుసా? ఆ పిల్ల మీద. ‘ఆ రంగు కెమెరాకు పనికిరాదు’ అన్నారు. రెండోసారి తెల్లని అమ్మాయిని పెట్టుకున్నారు. మొదటి అమ్మాయికి ఒప్పుకున్న డబ్బులో సగమే ముట్టింది. జడ విప్పుతున్నప్పుడు ఆమె నన్ను ఒకే ఒక్క మాట అడిగింది, ‘అక్కా, నా ముఖంలో లోపమేమైనా ఉందా’ అని. లోపం ఆమె ముఖంలో లేదని చెప్పాను. కానీ అదే మాట పొద్దున దుకాణం మనిషి ముందు చెప్పే చోటు ఆ గదిలో నాకు లేదు. ముఖం మగవాళ్ళ పని, జుట్టు ఆడవాళ్ళ పని, ఒకరి పనిలో ఒకరు మాట్లాడకూడదు. అప్పటి కట్టుబాటు అది.

నీవు పుట్టి పెరిగిన కాలంలో ఈ మాట వింతగా ఉంటుంది కనుక వివరంగా చెబుతున్నాను. బొంబాయి సినిమా మేకప్ కళాకారుల సంఘం దశాబ్దాల పాటు ఆడవారికి హెయిర్ డ్రెస్సర్ సభ్యత్వ కార్డు తప్ప మేకప్ కార్డు ఇవ్వలేదు. చదివి, శిక్షణ పొంది వచ్చినవారికి కూడా ఇవ్వలేదు. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు ఆ సంఘం నిబంధన మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2014 నవంబరు 10న న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, ఉదయ్ ఉమేశ్ లలిత్‌ల ధర్మాసనం ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పింది. ఆ వార్త చదివిన రోజున నేను పత్రికను మడిచి దాచుకున్నాను. ఈ రోజు నీవు ముఖమూ జుట్టూ రెండూ నావేనని చెప్పుకొని పనికి పోతున్నావంటే అందులో నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. అయితే రెండూ నీ చేతిలో ఉన్నప్పుడు, నీ కుర్చీలో కూర్చున్న మనిషి తరఫున మాట్లాడవలసినదీ నీవే.

‘రెండు షేడ్లు తేల్చండి’ అనే మనిషి నీకూ ఎదురవుతాడు. మాట కాస్త నాగరికంగా ఉంటుంది, ‘గ్లో పెంచండి’ అంటాడు. వాదం పెట్టుకోకు. ‘ముందు ఒక టెస్టు ఫ్రేము తీసి చూద్దామండీ’ అను. ఇప్పుడు కెమెరాను మానిటరుకు కలిపి అక్కడికక్కడే పెద్దగా చూసుకునే వీలున్నది కదా. చీరా చేయీ ముఖమూ ఒక్క తెర మీద పక్కపక్కన పెట్టి చూపితే, చర్మం రంగు నిజంగా ఉన్నప్పుడే బట్ట రంగు నిజంగా వస్తుందని డబ్బు పెట్టినవాడికి కూడా అర్థమవుతుంది. షేడు కలిపేటప్పుడు చేతి వెనుక రాసి చూడవద్దు. దవడ అంచు నుంచి మెడ మీదికి ఒక గీత లాగి, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడు. స్టూడియో ఫ్లాషు వెలుగు రంగు 5500 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది, అది పగటి వెలుగుకు దగ్గర. గదిలోని పసుపు బల్బు నీ కంటిని మోసం చేస్తుంది. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి కొద్ది నిమిషాలకు ముదురుతాయి కనుక వెంటనే నిర్ణయించకు. ముదురు చర్మం మీద కంటి కింది నలుపును మచ్చలు కప్పే లేత కన్సీలరుతో కప్పబోతే మళ్ళీ అదే బూడిద వస్తుంది. ముందు నలుపును విరిచే నారింజ రంగు కరెక్టరు పలుచగా అద్ది, ఆపైన చర్మం రంగు వేయి. సిలికా ఉండే తెల్లని హెచ్‌డీ పౌడరు ఫ్లాషులో తెల్లగా మచ్చలు కడుతుంది. జింకు ఉన్న సన్‌స్క్రీన్ కూడా అంతే. మేలో గోల్కొండలో షూటు చేస్తున్నా సరే, చెమటను కాగితంతో అద్ది తీయి, పొర మీద పొరగా పౌడరు వేయవద్దు. చెవులు, మెడ వెనుక భాగం, చేతులు, పాదాలు మరచిపోకు.

జుట్టు గురించి నీవు నా దగ్గరే ఎంతో నేర్చుకున్నావు. అయినా రెండు మాటలు. తడి ఆరని జుట్టు మీద జుట్టు సాపుచేసే వేడి ఇస్త్రీ పెట్టకు. లోపలి నీరు ఆవిరై వెంట్రుక బుడగలు కట్టి విరుగుతుంది. పెళ్ళికూతురి అలంకరణకు సవరం, జడగంటలు, పూలజడ అన్నీ కట్టినప్పుడు ఆ బరువంతా నుదుటి దగ్గరి వెంట్రుకల మీదనే పడుతుంది. అట్లా రోజూ బిగిస్తే పాపిట వెడల్పయిన అమ్మాయిలను నేను ఎందరినో చూశాను, ఒకసారి కుదుళ్ళు చచ్చాక ఏ నూనె రాసినా అవి తిరిగి రావు. సవరాన్ని తల మధ్యన వేసిన గట్టి ముడికి కట్టు, నుదుటి జుట్టుకు కాదు. దుస్తులు మార్చే ప్రతిసారీ పిన్నులు సడలించి, ‘నొప్పి ఉన్నదా అమ్మా’ అని అడుగు. వాళ్ళు తమంతట తాము చెప్పరు, చెబితే మళ్ళీ పిలవరని భయం. మల్లెపూలను ముందు గుడ్డ మీద ఆరబెట్టు, పట్టు మీద పడిన నీటి మరక తేలికగా పోదు. స్ప్రే కొట్టేది నగలు పెట్టకముందు, భుజాల మీద గుడ్డ కప్పి.

డబ్బు మాట ముందే రాతలో ఉండాలి. రోజుకు ఎంత, ఎన్ని గంటలు దాటితే అదనం ఎంత, అసిస్టెంటుకూ బండికీ ఎవరిస్తారు అనేవి మెసేజిలోనైనా రాయించుకో. సగం అడ్వాన్సు రాకుండా సామాను కొనకు. టీడీఎస్ అని పన్ను ముందే కోసుకుంటే ఆ మొత్తం నీ పాన్ మీద జమ అయిందో లేదో చూసుకో. ‘పేరు వస్తుంది, ఈసారికి ఊరికే చేయి’ అని అడిగే పెద్ద సంస్థలకు వద్దని చెప్పు. నీవలె కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫరూ మోడలూ కలిసి పోర్ట్‌ఫోలియో కోసం చేసుకునేది వేరు, అది చేయవచ్చు.

నిన్న రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం వేరే సంగతి. మొయినాబాదు, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌసులలో తెల్లవారకముందే కాల్ పెట్టి అర్ధరాత్రి ప్యాకప్ చెబుతారు. తిరిగి వచ్చే బండి ఎవరిదో తెలియకుండా నీవు వెళ్ళడానికి వీలులేదు. ఇందులో నా మాట వినవలసిందే. బట్టలు మార్చుకునే గదికి గడియ ఉన్నదో లేదో వెళ్ళగానే చూడు. నీకోసం మాత్రమే కాదు, నీ మీద నమ్మకంతో అక్కడ చీర మార్చుకునే పిల్ల కోసం కూడా. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం నీవంటి ఫ్రీలాన్సరుకు కూడా వర్తిస్తుంది. షూటు చోటూ వారు పంపిన బండీ కూడా పని ప్రదేశమే. పదిమంది లేని చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు, అయితే మూడు నెలలలోగా ఇవ్వాలి. ఏదైనా జరిగితే ముందు నాకు ఫోను చేయి. ఎందుకు వెళ్ళావని నేను అడగను.

మీ నాన్నతో నేను మాట్లాడతాను, అతని కోపం నీవు మనసులో పెట్టుకోకు. ఈ ఆదివారం కిట్టు మొత్తం తీసుకొని ఇంటికి రా. తిరిగి ఇచ్చివేయగలిగినవి ఏవో ఇద్దరం కూర్చొని చూద్దాం, అప్పు కొంతైనా తగ్గుతుంది. నా దగ్గర ఉన్న సవరాలు శుభ్రం చేసి పెట్టాను, అవి నీవే. మొదటి షూటు కాల్‌షీటు రాగానే చిరునామాతో సహా నాకూ మీ నాన్నకూ పంపించు.

ఇట్లు,
మీ అత్తయ్య