గోడకు వేలాడదీసే బొంతలను దాచుకోవడం గురించి: కొత్తగా అమెరికా వచ్చిన ఒక చెల్లెలికి

మీ అమ్మమ్మగారి నేత చీరలతో కుట్టిన బొంతను, పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ ప్రాంతంలో కొన్న ఆమిష్ క్విల్టును (పాతకాలపు నిరాడంబర పద్ధతుల్లో బతికే ఆమిష్ క్రైస్తవులు కుట్టే బొంతను) ఇల్లు మారేలోగా దాచడానికి స్టోరేజ్ యూనిట్, అంటే సామాను దాచుకునే గది, అద్దెకు తీసుకోవాలని అనుకుంటున్నట్టు రాశారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. మొదటి నెల అద్దె తక్కువగానే కనిపిస్తుంది. సామాను లోపలికి చేరాక అది పెరుగుతూ పోతుంది, తీరిక లేక మనమూ కడుతూనే ఉంటాం.

న్యూజెర్సీలో ఒక్క జీతంతో సంసారం నెట్టుకొచ్చిన రోజుల్లో మేమూ అలాంటి గదే తీసుకున్నాం. ఏసీ ఉన్న గదికి అద్దె ఎక్కువని మామూలు గదిలోనే, కలంకారీ ముక్కలు అతికి కుట్టించిన గోడబొంతను నాలుగు మడతలు వేసి, డ్రై క్లీనింగు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టాం. వేసవి ఉక్క దాటాక తీసి చూస్తే లోపలి దూది మడతల వెంట అణగారి గీతలు పడింది, అట్ట తగిలిన అంచు పసుపుపచ్చగా మారింది, ముక్క వాసన గుడ్డంతా పట్టేసింది. బాగుచేయడానికి ఒక దుకాణంవారు అడిగిన మొత్తం ఆ బొంత ఖరీదుకు మించి ఉండడంతో ఇంటికి తెచ్చి, పరుపు మీద పరిచి, చాలాకాలం అలాగే ఉంచాం. గీతలు చాలావరకు సర్దుకున్నాయి, మరక మాత్రం పోలేదు. ఆ తరువాత బొంతలను దాచడానికి మా ఇంట్లో నెలనెలా డబ్బు కట్టింది లేదు.

పలుచని గోడబొంతను మడవకూడదు, చుట్టాలి. బట్టల దుకాణాల్లో తానులు అయిపోయాక పొడవాటి అట్ట గొట్టాలు మిగిలిపోతాయి. మర్యాదగా అడిగితే ఊరికే ఇస్తారు. వీలైనంత లావు గొట్టం తీసుకోండి. అట్టలోని ఆమ్లం గుడ్డకు ఎక్కకుండా దానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దానిపైన గంజి పూర్తిగా పోయేలా ఉతికిన పాత తెల్లపంచె చుట్టండి. బొంత పైభాగం, అంటే బొమ్మ ఉన్న వైపు, బయటికి ఉండాలి. చుట్టలో లోపలివైపు నొక్కుకొని ముడతలు పడుతుంది కనుక, ఆ ముడతలేవో వెనుక గుడ్డకే పడతాయి. బిగించి చుట్టవద్దు, రబ్బరు బ్యాండు వేయవద్దు. వెడల్పాటి నూలు పట్టీతో వదులుగా కట్టి, పైన మరో ఉతికిన దుప్పటి కప్పండి.

మీ అమ్మమ్మగారి బొంత మందంగా ఉంటుంది కాబట్టి చుట్టకు లొంగదు. ఎవరూ పడుకోని మంచం ఉంటే దాని మీద పరిచి దుప్పటి కప్పడమే ఉత్తమం. మడవక తప్పకపోతే ప్రతి మడత లోపలా గుడ్డ చుట్టను ఉంచి, కొన్ని నెలలకొకసారి విప్పి, ఈసారి సగానికి, మరోసారి మూడో వంతుకు, ఇలా మడత చోటు మారుస్తూ ఉండండి.

రంగు విషయంలో వెలుతురే శత్రువు, పోయిన రంగు తిరిగి రాదు. మ్యూజియాలలో వస్త్రాల మీద పడే వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూస్తారు. కిటికీ ఎదుటి గోడ మీద అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలను కొంత ఆపినా, కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును తింటుంది. పసుపుతో అద్దిన రంగు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది. కలంకారీలో బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి చేసిన నలుపు ఉన్నచోట గుడ్డే క్రమంగా చివికిపోతుంది, కాబట్టి అక్కడ మడత అసలు పడకూడదు. కొన్ని నెలలు గోడకు, కొన్ని నెలలు చీకటి క్లోజెట్‌కు అన్న పద్ధతి పెట్టుకుంటే రెండు బొంతలూ నిలుస్తాయి. అటిక్‌లో (పైకప్పు కింది అటకలో) వేడి, బేస్‌మెంట్‌లో (నేలమాళిగలో) తేమ. మీరు కాపురముండే గదులే వాటికీ సరైన చోటు.

ఇప్పటి పిల్లలు ఆన్‌లైన్‌లో కనిపించిన ప్రతి పెట్టెనూ తెప్పించేస్తారు. దేవదారు పెట్టె కొనకండి: ఖరీదెక్కువ, పైగా ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లం గుడ్డను పాడుచేస్తుంది. కలరా ఉండలు గుడ్డకు తగలకూడదు. పురుగు పట్టకుండా అప్పుడప్పుడు విప్పి చూసుకోవడం, వ్యాక్యూమ్‌ను తక్కువ వేగంలో పెట్టి నైలాన్ వల మీదుగా దుమ్ము తీయడం చాలు. డబ్బు పెట్టదలిస్తే ఆమ్లం లేని టిష్యూ కాగితానికి పెట్టండి. నెబ్రాస్కాలోని లింకన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్విల్ట్ మ్యూజియం వారి సలహాలు ఉచితంగానే దొరుకుతాయి.

గోడకు మేకులు కొడితే డిపాజిట్‌లో కోస్తారా, అద్దె ఇంటి బీమా వీటికి వర్తిస్తుందా అన్నవి మీ ఒప్పంద పత్రాల్లోనే ఉంటాయి, ఒకసారి చదువుకోండి. ఇల్లు మారే రోజున మాత్రం ఈ చుట్టలను ట్రక్కులోకి ఎక్కించవద్దు, వాటిపై బల్లలు, పెట్టెలు పేర్చేస్తారు; మీ కారులో వెనుక సీటు వాల్చి ఏటవాలుగా పడుకోబెట్టి, పైన ఏదీ పెట్టకుండా మీరే తీసుకువెళ్లండి.