స్టాఫ్ నొటేషన్ పేజీల నుంచి మిడి ఫైళ్ళు: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ చర్చి క్వాయర్ దగ్గర స్టాఫ్ నొటేషన్‌లో, అంటే అయిదు గీతల మీద నోట్లతో, అచ్చయిన పాత ఇంగ్లిష్ హిమ్ (చర్చి పాటల) పుస్తకం ఉంది. అందులోంచి పాతిక పాటల్ని మిడి ఫైళ్ళుగా, అంటే కంప్యూటర్ వాయించగలిగే స్వరాల ఫైళ్ళుగా చేసి, సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ నాలుగు బృందాలకీ ఎవరి వరస వాళ్ళకి విడిగా వినిపించాలి. నొటేషన్ చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఏది కొనాలి, ఫ్రీగా దొరికేది ఏమైనా ఉందా, తెలుగు కీర్తనలకీ ఇది పనిచేస్తుందా అని అడిగారు.

నేను గుంటూరులో ఒక చర్చి క్వాయర్‌లో బేస్ పాడతాను. కీబోర్డ్ వాయించే అబ్బాయి రాని ఆదివారం ఆ పనీ నాదే. మూడేళ్ళ కిందట క్రిస్మస్ పాటలకి అచ్చం ఈ పనే నా మెడకి చుట్టుకుంది. అప్పటి నుంచీ నేను వాడుతున్నవి రెండు: అచ్చు పేజీని చదివే ఆడివెరిస్, నొటేషన్‌ని దిద్ది వినిపించే మ్యూజ్‌స్కోర్. రెండూ ఫ్రీ, రెండూ ఓపెన్ సోర్స్. అయితే పేర్లు చెప్పి ఊరుకుంటే మొదటి సాయంత్రమే నన్ను తిట్టుకుంటారు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నా.

ఇంతకీ పేజీని చదివే ఈ రకం సాఫ్ట్‌వేర్‌ని ఓఎంఆర్ (ఆప్టికల్ మ్యూజిక్ రికగ్నిషన్) అంటారు. మీరు ఉత్త ఓఎంఆర్ అని వెతికితే ఎంట్రన్స్ పరీక్షల్లో గుండ్రాలు దిద్దే షీట్లు వస్తాయి. పక్కన మ్యూజిక్ అని చేర్చి వెతకండి. ఎంపీ3 ఇస్తే మిడి చేసే సాఫ్ట్‌వేర్లు కూడా కనిపిస్తాయి, అవి వేరే జాతి. మీకు కావలసింది కాగితాన్ని చదివేది.

నా మొదటి ప్రయత్నం ఎలా చెడిందో చెప్తాను. జిరాక్స్‌కి జిరాక్స్ తీసిన కాగితాలని ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో ఫొటోలు కొట్టి, పీడీఎఫ్ ఇస్తే మిడి ఇస్తామనే ఒక వెబ్‌సైట్‌లో డబ్బులు కట్టి ఎక్కించాను. రెండు నిమిషాల్లో ఫైల్ వచ్చింది. రిహార్సల్‌లో గొప్పగా ప్లే చేశాను. నెమ్మదిగా సాగాల్సిన పాట పెళ్ళి ఊరేగింపు బ్యాండులా పరిగెత్తింది. పేజీ మీద టెంపో (వేగం) అంకె లేకపోతే చాలా ప్రోగ్రాములు నిమిషానికి 120 బీట్లు అనుకుంటాయని అప్పటికి నాకు తెలీదు. నాలుగు గొంతులూ ఒకే పియానో ట్రాక్‌లో కలిసిపోయాయి. రెండో పాటలో టెనర్ వరస ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన మోగింది. మా టెనర్ అంకుల్, రిటైర్డ్ రైల్వే మనిషి, కళ్ళజోడు తీసి నావైపు చూసి, "ఏం బాబూ, నన్ను ఆడవాళ్ళ బెంచీలో కూర్చోమంటావా?" అన్నారు.

టెనర్ సంగతి చిన్నదే, మీకూ ఎదురవుతుంది కాబట్టి చెప్పాలి. నాలుగు గొంతులకి నాలుగు స్టాఫ్‌లు ఉన్న స్కోర్‌లో టెనర్‌కి ట్రెబుల్ క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే, లైన్ మొదట్లో ఉండే గుర్తు) వేసి, దాని తోక కింద చిన్న 8 అంకె పెడతారు. ఒక ఆక్టేవ్ కిందికి పాడమని దానర్థం. స్కాన్‌లో ఆ 8 నలుసులా కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది. మ్యూజ్‌స్కోర్‌లోకి తెచ్చాక క్లెఫ్ మారిస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోదు. క్లెఫ్ మారిస్తే నోట్లు కాగితం మీద జరుగుతాయి గానీ వినిపించే స్వరం అదే ఉంటుంది. టెనర్ వరస మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్, కింది బాణం నొక్కాలి. అప్పుడు ఆక్టేవ్ దిగుతుంది. క్లెఫ్ ఆ తర్వాత మార్చుకోండి.

లైన్ మొదట్లో వేసే ఫ్లాట్, షార్ప్ గుర్తులు, అంటే కీ సిగ్నేచర్‌దీ ఇదే తంతు, ఇంకా మొండిది. మూడు ఫ్లాట్లు ఉన్న పాటలో మూడో లైన్ మొదట్లో చివరి ఫ్లాట్ మసకగా పడిందనుకోండి. ఆ లైన్‌లో A ఫ్లాట్ రావాల్సిన చోటల్లా మామూలు A వస్తుంది. ఒకటీ అరా తప్పయితే చెవికి దొరుకుతుంది గానీ, లైన్ లైనంతా మారితే పాట ఏదో కొత్త రాగంలోకి వెళ్ళినట్టుంటుంది తప్ప తప్పు ఎక్కడో తెలీదు. దీన్ని కూడా మ్యూజ్‌స్కోర్‌లో కీ సిగ్నేచర్ మార్చి సరిచేయబోతే, అది పాత స్వరాలనే కాపాడుతూ నోట్ల పక్కన నేచురల్ గుర్తులు పెట్టుకుంటూ పోతుంది. కాబట్టి ఈ రకం తప్పుల్ని ఆడివెరిస్‌లో ఉండగానే పట్టుకోవాలి.

అందుకే నా మాట ఏంటంటే, ఏ సాఫ్ట్‌వేర్ ఎంత శాతం కరెక్ట్‌గా చదువుతుందన్న ప్రకటనలు చూసి ఎంచుకోకండి. తప్పులు అన్నిట్లోనూ వస్తాయి. తప్పు దిద్దేటప్పుడు అసలు పేజీ కళ్ళ ముందు ఉంటుందా లేదా అన్నది చూడండి. ఆడివెరిస్ నాకు నచ్చింది అక్కడే. మీ స్కాన్ మీదే అది గుర్తుపట్టిన నోట్లని వేరే రంగులో పరుస్తుంది. లెక్క కుదరని బార్ (నిలువు గీతల మధ్య గడి) వెనక గులాబీ రంగు పడుతుంది. చుక్క పెట్టిన క్వార్టర్ నోట్‌లో (ఒకటిన్నర బీట్ల నోట్) చుక్క ఎగిరిపోతే బార్‌లో అర బీట్ తక్కువ పడుతుంది కదా, అలాంటివి పేజీ తిప్పగానే తెలిసిపోతాయి. పక్కనున్న పట్టీలోంచి చుక్కని లాగి నోట్ పక్కన పెడితే రంగు పోతుంది. మొదట్లో చిరాకనిపిస్తుంది, మూడో పాటకి చెయ్యి తిరుగుతుంది.

ఆడివెరిస్ మిడి ఇవ్వదు, మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఇస్తుంది, అంటే నొటేషన్‌ని నొటేషన్‌గానే దాచే ఫైల్. లోపం అనుకోకండి, మీకు కావలసింది అదే. మిడి ఫైల్‌కి ఏ మీట ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నదే ప్రధానం. ఎఫ్ షార్ప్ అయినా జీ ఫ్లాట్ అయినా దానికి ఒకే నంబరు మీట. నోట్లని కలిపే వంపు గీతలు (టైలు, స్లర్‌లు), నోట్ల తోకలు పైకో కిందికో అన్నది ఏదీ అందులో ఉండదు. ఒకసారి మిడి అయ్యాక తప్పు వినపడితే పేజీలో అది ఎక్కడుందో వెతుక్కోవడం గడ్డివాములో సూది వెతకడమే. మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌ని మ్యూజ్‌స్కోర్‌లో తెరిచి, విని, దిద్ది, ఆఖరున ఎక్స్‌పోర్ట్‌లో మిడి తీసుకోండి.

ఇక గొంతులు విడదీయడం. హిమ్ పుస్తకాల్లో సాధారణంగా రెండే స్టాఫ్‌లు ఉంటాయి. పైదాంట్లో సొప్రానోకి తోకలు పైకి, ఆల్టోకి కిందికి. కిందిదాంట్లో టెనర్, బేస్ అలాగే. దీన్ని ఇలాగే మిడి చేస్తే రెండు ట్రాకులే వస్తాయి. మ్యూజ్‌స్కోర్‌లో నాలుగు గొంతులకీ నాలుగు స్టాఫ్‌లు పెట్టుకుని, టూల్స్‌లో ఎక్స్‌ప్లోడ్ అనే ఆజ్ఞ వాడితే వాయిస్‌ల వారీగా విడగొడుతుంది. సొప్రానో, ఆల్టో ఒకే నోట్ పాడే చోట అచ్చులో ఒక్క నోట్‌కే రెండు తోకలు ఉంటాయి. స్కానింగ్‌లో అది ఒక గొంతుకే దక్కి, రెండోదానికి ఖాళీ మిగులుతుంది. ఆల్టో వాళ్ళు "ఇక్కడ మేం పాడక్కర్లేదా అన్నా?" అని అడిగితే కారణం అదే. ఆ చోట్లు చేత్తో నింపుకోవాలి.

స్కాన్ విషయంలో పీనాసితనం వద్దు. స్కానర్ మీదే, 300 డీపీఐలో, గ్రేస్కేల్‌లో తీయండి. జిరాక్స్ షాపులో అడక్కపోతే తక్కువ డీపీఐలో పెట్టేస్తారు, నిలబడి చెప్పి చేయించుకోండి. పుస్తకం బైండింగ్ దగ్గర స్టాఫ్ లైన్లు వంగితే ఆ వంపులో నోట్లు ఒక గీత పైకో కిందికో పోతాయి. పాటల మాటలు మీకు అక్కర్లేదు కాబట్టి వాటిని చదివించకండి, టైమ్ దండగ.

డబ్బు పెట్టగలిగితే స్మార్ట్‌స్కోర్ లాంటివి ఉన్నాయి. చదవడం, దిద్దడం, మిడి తీయడం ఒకే చోట అయిపోతాయి. కొనేముందు మీ పుస్తకంలో అన్నిటికన్నా మాసిన పేజీ ఒకటి తీసుకుని ట్రయల్‌లో నడిపి, ఎన్ని తప్పులు దిద్దాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. ట్రయల్‌లో ఎక్స్‌పోర్ట్ చేయనిస్తారో లేదో ముందే చూసుకోండి. ఫోన్‌లో అయితే ప్లేస్కోర్ 2 ఉంది, ఫొటో తీస్తే అక్కడికక్కడే వాయిస్తుంది. రిహార్సల్ మధ్యలో "ఈ రెండు బార్లు ఎలా ఉంటాయి?" అంటే వినిపించడానికి నేను దాన్నే తీస్తాను. ఎక్స్‌పోర్ట్‌కి మాత్రం చందా కట్టాలి. ఎవరైనా ఫినాలే అనే పాత నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఇస్తామంటే వద్దనండి. 2024 ఆగస్టులో దాన్ని తయారుచేసేవాళ్ళే ఇక కొత్త వెర్షన్లు ఉండవని చెప్పేశారు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ. పాతిక పాటల్లో సగం ఎవరో ఒకరు ఇప్పటికే చేసి పెట్టి ఉండొచ్చు. సీపీడీఎల్ అనే సైట్‌లో కాపీరైట్ తీరిన క్వాయర్ స్కోర్లు పీడీఎఫ్‌తో పాటు చాలావాటికి మిడి కూడా దొరుకుతాయి. ట్యూన్ పేరుతో వెతకండి, పాట మొదటి లైన్‌తో కాదు. హిమ్ పుస్తకాల్లో ట్యూన్ పేరు పాట దగ్గరే పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఒక ట్యూన్‌కి పది పాటలు ఉండొచ్చు, ఒక పాటకి మూడు ట్యూన్‌లు ఉండొచ్చు. దొరికిన ఫైల్ స్వరకల్పన మీ పుస్తకంలో ఉన్నదేనా అని ఆల్టో వరస పోల్చి చూసుకోండి. తేడాలు ఎక్కువగా అక్కడే బయటపడతాయి.

దొరకని చిన్న పాటలకి అసలు స్కానింగే అక్కర్లేదంటాను. పదహారు బార్ల హిమ్ అయితే మ్యూజ్‌స్కోర్‌లో చేత్తో కొట్టేయడమే తేలిక. కీబోర్డ్ మీద N నొక్కి, 5 నొక్కితే క్వార్టర్ నోట్, 4 అయితే ఎయిత్, 6 అయితే హాఫ్. స్వరం పేరు అక్షరం కొడితే నోట్ పడుతుంది. నాకు ఇప్పుడు ఒక హిమ్‌కి నాలుగు గొంతులూ కలిపి ముప్పావు గంట పడుతుంది. అదే పేజీని స్కాన్ చేసి దిద్దితే గంట పట్టిన రోజులున్నాయి. పది పన్నెండు పేజీల ఆంథెమ్ (పొడవైన క్వాయర్ పాట) అయితే మాత్రం ఆడివెరిసే దిక్కు.

తెలుగు కీర్తనల సంగతి కూడా అడిగారు. పాట పైన రాగం, తాళం పేర్లు వేసి కింద మాటలు మాత్రమే ఉన్న పేజీలో ఈ సాఫ్ట్‌వేర్లకి చదవడానికి ఏమీ ఉండదు. స రి గ మ అని అక్షరాల్లో రాసిన స్వరాలనీ ఇవి గుర్తుపట్టవు. అవి విని రాసుకోవాల్సిందే, లేదా మిడి కీబోర్డ్ మీద వాయించి రికార్డ్ చేసుకోవాల్సిందే.

ఆఖరుగా పంపిణీ. వాట్సాప్‌లో మిడి పంపితే సగం మంది ఫోన్లలో తెరుచుకోదు, రాత్రి పదకొండింటికి ఫోన్లు మీకే వస్తాయి. మిడిని మీ దగ్గర ఉంచుకుని, మ్యూజ్‌స్కోర్ నుంచే ఎంపీ3 తీసి పంపండి. మిక్సర్‌లో టెనర్‌ని పెంచి మిగతా మూడూ తగ్గించి ఒకటి, ఆల్టోని పెంచి ఒకటి, అలా ఒక్కో పాటకి నాలుగు. వాద్యంగా క్వాయర్ ఆహ్ శబ్దం పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. అది నెమ్మదిగా ఊపిరి తీసుకుని మొదలవుతుంది, నోట్ ఎక్కడ మారిందో కొత్తవాళ్ళకి పట్టుబడదు. పియానో గానీ క్లారినెట్ గానీ పెట్టండి. మా టెనర్ అంకుల్‌కి క్లారినెట్ కుదిరింది.

మీ పుస్తకంలో ఒక పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి. రెండు స్టాఫ్‌లా, నాలుగా, అచ్చు ఎలా ఉందో చూస్తే స్కాన్ చేయాలో చేత్తో కొట్టాలో అక్కడే చెప్పేస్తాను.