ఫంగస్‌తో నిజంగా మనుషులు చనిపోతారా? మా పెదనాన్న సంగతి చెప్తాను

కోవిడ్ టైంలో బ్లాక్ ఫంగస్ అని అంత హడావిడి చేసి ఇప్పుడెవరూ ఆ ఊసే ఎత్తట్లేదు, ఇంట్లో అమ్మకి షుగర్ ఉంది, ఫంగస్‌తో నిజంగా ప్రాణం పోతుందా అని కదా మీరు అడిగింది. పోతుంది. కాకపోతే ఆ చావు చాలాసార్లు టీబీ ఖాతాలోనో షుగర్ ఖాతాలోనో పడిపోతుంది, అందుకే మనకి వినపడదు.

మాది గుంటూరు. మా పెదనాన్న మిర్చి యార్డులో గుమస్తాగా చేసేవారు. వయసులో ఉండగా టీబీ వస్తే కోర్సు మొత్తం వాడారు, తగ్గిపోయింది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ దగ్గు, మనిషి చిక్కిపోవడం, ఒకరోజు కఫంలో నెత్తురు. అందరూ టీబీ తిరగబెట్టిందనే అన్నారు. కఫం పరీక్షలో టీబీ క్రిమి కనపడలేదు, అయినా ఒక ఆసుపత్రిలో మళ్లీ టీబీ మందులే మొదలుపెట్టారు. నెలలు గడిచినా గుణం లేదు. చివరికి కొత్తపేటలో ఒక ఊపిరితిత్తుల డాక్టరు గారు సీటీ తీయించి, ఫిల్మ్ కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూపించారు: పాత టీబీ తొలిచిన గుంట, అందులో గుండ్రంగా ఒక ముద్ద, దాని పైన నెలవంకలా సన్నగా గాలి. ఆ ముద్ద ఆస్పర్‌జిల్లస్ అనే బూజు, బ్లాక్ ఫంగస్ కాదు, ఇది వేరే రకం ఫంగస్. ఎక్కడపడితే అక్కడ గాలిలో ఉండేదే, మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏమీ చేయదు.

ఫంగస్‌ని తగ్గించే ఇట్రాకొనజోల్ అనే మందు రాశారు. క్యాప్సూల్ అన్నం తిన్నాకే వేసుకోవాలన్నారు, గ్యాస్ టాబ్లెట్ ఆపించారు, అది వేసుకుంటే ఈ మందు ఒంటికి సరిగా పట్టదట. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ కూడా దీని బలాన్ని బాగా తగ్గించేస్తుంది, కాబట్టి రెండూ కలిపి వాడితే లాభం లేదు. కొన్నాళ్లు తేరుకున్నారు గానీ ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి, ఒక రాత్రి నెత్తురు కక్కుకుని పోయారు. డెత్ సర్టిఫికెట్‌లో టీబీ అనే రాశారు. మా పెద్దమ్మకి ఇప్పటికీ ఆయన టీబీతోనే పోయారని నమ్మకం.

ఇలాంటివి ప్రపంచమంతా ఎన్ని ఉంటాయో ఊహించండి. 2024లో లాన్సెట్ వాళ్ల వైద్య పత్రికలో డెన్నింగ్ అనే ఫంగస్ జబ్బుల నిపుణుడు వేసిన అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 65 లక్షల మందికి తీవ్రమైన ఫంగల్ ఇన్ఫెక్షన్లు వస్తున్నాయి, 38 లక్షల మంది చనిపోతున్నారు, అందులో నేరుగా ఫంగస్ వల్లే పోయేవాళ్లు 25 లక్షల దాకా. డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా అంటూ మొదటిసారి వేసింది 2022లో. అంత ఆలస్యం! 2021లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ లెక్క బయటికొచ్చిందంటే, ప్రతి కేసూ తప్పనిసరిగా రిపోర్ట్ చేసేలా చూడమని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది కాబట్టే. జులై నాటికి 45 వేల పైన కేసులు, 4,300 పైన మరణాలు అని తేలింది. లెక్కపెట్టారు కాబట్టి కనపడ్డాయి, అంతే. మిగతా ఫంగస్‌లని ఎవరు లెక్కపెడుతున్నారు?

ఇక మీ అమ్మగారి విషయం. షుగర్ కంట్రోల్‌లో ఉంటే అంత టెన్షన్ అక్కర్లేదు, బ్లాక్ ఫంగస్ ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కూడా కాదు. షుగర్ బాగా పెరిగిపోతేనే భయం, దానికి తోడు స్టెరాయిడ్లు కూడా కలిస్తే ఇంకా ఎక్కువ. కీళ్ల నొప్పులనో ఆయాసమనో ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవడం, మెడికల్ షాపులో పాత చీటీ చూపించి స్టెరాయిడ్ బిళ్లలు తెచ్చుకోవడం మన ఊళ్లలో మామూలే, అదొక్కటి మాన్పించండి. ముఖం ఒకవైపే నొప్పి లేదా తిమ్మిరి, ముక్కులోంచి నల్లగానో నెత్తురుతోనో కారడం, కన్ను వాపు, పై పళ్లు కదలడం, అంగిట్లో నల్ల మచ్చ, వీటిలో ఏది కనపడ్డా రేపు చూద్దాంలే అనకుండా ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి. పంటి నొప్పి అనుకుని బిళ్లలు మింగుతూ కూర్చుంటే అది కంటికి, మెదడుకి పాకుతుంది. అప్పుడు ఫంగస్‌ని చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ ఎక్కించాలి, ఆపరేషన్ చేసి కుళ్లిన భాగం తీసేయాలి, ఆ ఇంజెక్షన్ కిడ్నీల మీద పడుతుంది కాబట్టి రక్తపరీక్షలో క్రియాటినిన్, పొటాషియం చూసుకుంటూ ఉండాలి.

మీ ఇంట్లో గానీ తెలిసినవాళ్లలో గానీ టీబీ వచ్చి తగ్గినవాళ్లుంటే ఇంకో మాట. మళ్లీ నెలల తరబడి దగ్గు వచ్చి, కఫంలో టీబీ కనపడకపోతే, టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టే ముందు ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ రక్తపరీక్ష, సీటీ చేయిద్దామా అని డాక్టరు గారిని నోరు తెరిచి అడగండి.