అద్దె కారును బావమరిది నడిపినప్పుడు ప్రమాదం జరిగితే ఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న: మూడు రోజుల ప్రయాణానికి సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకున్నాను. మొదటి రోజే బ్రేకు లోతుగా దిగుతోందని సంస్థకు ఫోన్ చేస్తే, "ఏం పర్వాలేదు, నడపండి" అన్నారు. రెండో రోజు మునిమాపు వేళ ఒక పల్లె రోడ్డు మీద గేదె అడ్డం రావడంతో, కారు ఆగక పక్కనున్న కాలువలోకి దిగింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు గానీ కారు ముందు భాగం నుజ్జయింది. అప్పుడు నడుపుతున్నది మా బావమరిది. ఆయనకు లైసెన్సు ఉంది కానీ అగ్రిమెంటులో పేరు లేదు. అందువల్ల బీమా రాదని, డిపాజిట్ పోగా మరమ్మతు ఖర్చు మొత్తం, కారు తిరగని రోజుల అద్దె కూడా నేనే కట్టాలని సంస్థవారు అంటున్నారు. ఇది న్యాయమేనా?

సమాధానం: ముందుగా మీకు ప్రతికూలమైన అంశమే చెబుతాను. దానిని దాచి ధైర్యం చెబితే మీకు మేలు జరగదు. అద్దె కారు చట్టం దృష్టిలో మీ చేతికి అప్పగించిన పరాయి సొత్తు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 154వ సెక్షన్ ప్రకారం, అటువంటి సొత్తును ఒప్పుకున్న షరతులకు భిన్నంగా వాడితే, ఆ వాడకంలో జరిగిన నష్టానికి తీసుకున్నవారే బాధ్యులు. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ అచ్చంగా మీ కథలాగే ఉంటుంది. తాను మాత్రమే స్వారీ చేసే షరతు మీద గుర్రాన్ని తెచ్చుకున్న మనిషి, దానిని తన ఇంట్లోవారికి ఇస్తాడు. వారు జాగ్రత్తగానే స్వారీ చేసినా గుర్రం పడి గాయపడితే, పరిహారం చెల్లించవలసింది తెచ్చుకున్నవాడే. కాబట్టి పేరు నమోదైనవారు తప్ప మరొకరు నడపరాదన్న షరతు మీ అగ్రిమెంటులో నిజంగా ఉందో లేదో మొదట చూడండి. లేకపోతే వారి వాదనకు బలం తగ్గుతుంది. అప్పుడు 151, 152 సెక్షన్ల కింద, వివేకం గల మనిషి తన సొంత కారు విషయంలో తీసుకునేంత జాగ్రత్త తీసుకున్నారా అన్నదే ప్రశ్న అవుతుంది.

ఆ జాగ్రత్తను కొలిచేది రోడ్డు మీదే. పశువులు ఇళ్లకు మళ్లే వేళ, వీధి దీపాలు లేని ఇరుకు రోడ్డులో, హెడ్‌లైటు వెలుగు పడినంత దూరంలో కారును ఆపగలిగే వేగం మించి వెళితే, గేదె హఠాత్తుగా వచ్చిందన్న సమాధానం నిలవడం కష్టం. అద్దె కార్లలో చాలావాటికి జీపీఎస్ ఉంటుంది కనుక ఆ నిమిషంలోని వేగం వివరాలు సంస్థ చేతిలో ఉండవచ్చు. వాటిని మీరే రాతపూర్వకంగా అడగండి. మీ వేగం తక్కువే అయితే అది మీకే సాక్ష్యం.

మీ బలం బ్రేకులో ఉంది. అదే చట్టంలోని 150వ సెక్షన్, అద్దెకు ఇచ్చిన వస్తువులోని లోపం వల్ల జరిగిన నష్టానికి, ఆ లోపం సంగతి ఇచ్చినవారికి తెలిసినా తెలియకపోయినా వారినే బాధ్యులను చేస్తుంది. ఇక్కడ మీరు చెప్పినా నడపమన్నారు. ఆ ఫోన్ కాల్ జాబితాను, ఉంటే వాట్సాప్ సందేశాలను భద్రపరచండి. కారు ఇంకా మరమ్మతు కాకుంటే, బ్రేకులను వేరే మెకానిక్ చేత మీ సమక్షంలో పరీక్షింపజేయాలని వెంటనే కోరండి, ఎందుకంటే బాగుచేసిన తర్వాత ఆ సాక్ష్యం మిగలదు. అయితే బ్రేకు సరిగా లేదని తెలిసీ రెండో రోజు ప్రయాణం ఎందుకు కొనసాగించారని అవతలి న్యాయవాది తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నకు మీ జవాబు సిద్ధంగా ఉండాలి.

బీమా రాదన్న మాటను అలాగే నమ్మవద్దు. మన దేశంలో వాడుకలో ఉన్న మోటారు పాలసీలు సాధారణంగా, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా వర్తిస్తాయి; అగ్రిమెంటులో పేరు లేకపోవడం మీకూ సంస్థకూ మధ్య విషయం. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల నంబరు ప్లేటు కారును అద్దెకు తిప్పి ఉంటే బీమా నిరాకరణ జరగవచ్చు కానీ, ఆ తప్పు యజమానిది. నిబంధనల ప్రకారం అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. మీ ఫొటోల్లో ప్లేటు రంగు చూసుకోండి. క్లెయిము పెట్టారా, బీమా సర్వేయరు నష్టం ఎంతని అంచనా వేశారు, బీమా కంపెనీ ఎంత చెల్లించింది అన్నవి అడగండి. బీమా ఇచ్చిన మొత్తాన్ని మీ దగ్గర మళ్లీ వసూలు చేయడం చెల్లదు.

కారు తిరగని రోజుల అద్దె అగ్రిమెంటులో రాసి ఉన్నా, కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ కింద వారికి దక్కేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. విడిభాగాలు ఆలస్యమై కారు నెల రోజులు షెడ్డులో ఉంటే, ఆ నెలంతా మీ లెక్కలో వేయడాన్ని ప్రశ్నించవచ్చు.

ఈ వివరాలన్నీ కోరుతూ, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అంతవరకు బాధ్యత అంగీకరిస్తున్నట్లు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. జవాబు రాకుంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. దీనికి గడువు, వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు.