దిగేటప్పుడు ఎద్దుల కాళ్లు ఎందుకు వణుకుతాయి?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర కొండవాలు పొలం. కిందటి నెల మైదాన ప్రాంతపు సంతలో ఎద్దుల జత కొన్నాను. మొదటిసారి బండి కట్టి కొండ ఎక్కిస్తే రొప్పుతూనే ఎక్కాయి. బరువుతో దిగేటప్పుడు మాత్రం ముందుకాళ్లు వణికాయి. మరునాటికి బిగుసుకుపోయి, రెండో రోజు అడుగు వేయలేకపోయాయి. దిగడం సులువే కదా, ఎందుకిలా అయింది?

జవాబు: దిగేటప్పుడు ఆయాసం తక్కువ, నిజమే. కండరాలకు దెబ్బ తగిలేది మాత్రం అప్పుడే. ఎక్కేటప్పుడు పిరుదు, తొడ కండరాలు కుదించుకుంటూ ఒంటిని పైకి నెడతాయి. దానికి ప్రాణవాయువు చాలా కావాలి కనుక రొప్పుతాయి. దిగేటప్పుడు ఒళ్లు దానంతటదే కిందికి తూగుతుంది, దాన్ని అడుగడుగునా ఆపుకోవాలి. నిండు బిందెను నెత్తి మీద నుంచి మెల్లగా నేలకు దించడం గుర్తు తెచ్చుకోండి. చేతి కండరం పట్టు విడవకుండానే బరువుకు లొంగి సాగుతుంది. ఇలా సాగుతూ పట్టి ఉంచే పనికి తక్కువ కండరపోగులే పూనుకుంటాయి. ఒక్కో పోగు మీద భారం ఎక్కువై, అలవాటు లేనివి లోపల సన్నగా చిట్లుతాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. మీ ఎద్దుల్లో కనిపించింది ఇదే అనిపిస్తోంది.

ముందుకాళ్లే ఎందుకంటే, సమనేల మీద కూడా పశువు బరువులో సగానికి పైగా వాటి మీదే ఉంటుంది. వాలులో అది ఇంకా పెరుగుతుంది, వెనుక నుంచి బండి కూడా తోస్తుంది. పైగా మనకున్నట్టు పశువుకు జత్రుక, అంటే భుజాన్ని ఛాతీకి కలిపే మెడ కింది ఎముక, లేదు. మొండేన్ని ముందుకాళ్ల మధ్య ఊయలలా మోసేది జబ్బ కండరాలే.

ముందుగా గిట్టల సందుల్లో రాయి, పుండు ఉన్నాయేమో చూడండి. జ్వరం, మేత మానడం, ఎర్రగా లేదా కాఫీరంగులో మూత్రం, జబ్బ మీద వాపు, వీటిలో ఏది కనిపించినా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి. అవేవీ లేకపోతే నాలుగైదు రోజులు కాడి కట్టకండి. సమనేల మీద కాసేపు నడిపించండి, నీళ్లు బాగా తాగించండి. నొప్పి సూది మీరే వేయించవద్దు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడడం మన దేశంలో 2006 నుంచి నిషిద్ధం. ఆ మందు పడిన పశువు చనిపోతే, కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చస్తాయి. అవసరమైతే వైద్యుడే మెలోక్సికామ్ అనే వేరే నొప్పి మందు ఇస్తారు.

ఈ జతను అమ్మేయాలని మాత్రం అనుకోకండి. ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం, మళ్లీ అదే పని చేసినప్పుడు కొన్ని వారాల వరకు అంతగా దెబ్బతినదు. అందుకే మొదట బండి లేకుండా చిన్న వాలు దించండి, మూడు నాలుగు రోజులకోసారి. తర్వాత ఖాళీ బండి, నెల గడిచాక కొద్దికొద్దిగా బరువు. నిటారు బాట వదిలి, వాలుకు అడ్డంగా మలుపులు తిరిగే బాట పట్టండి. బండి చక్రాలకు ఒరుసుకునే కర్రబ్రేకు తప్పక బిగించుకోండి. అది లేకపోతే బండి తోపు మొత్తాన్ని ఆ జబ్బలే ఆపాలి.