సాలూరు ఘాట్‌లో ఆర్15ను ఎంత గట్టిగా తోలొచ్చు?

అడిగిన ప్రశ్న ఇది: "మాది ఒడిశాలోని జయపురం. కొత్తగా యమహా ఆర్15 బైకు తీశాను. నెలకు రెండుసార్లు సాలూరు ఘాట్ దిగి విజయనగరం వెళ్లి రావాలి. ఘాట్‌లో ఈ బండిని ఎంత గట్టిగా తోలొచ్చు? మోకాలు నేలకు ఆనేలా వంచడం నేర్చుకుంటే పనికొస్తుందా?"

మోకాలి సంగతి ముందే తేల్చేస్తాను: పనికిరాదు. ఘాట్‌లో మీ వేగానికి హద్దు మీ చూపు. కనిపిస్తున్న రోడ్డులో సగంలోపే ఆగిపోగలగాలి. సగమే ఎందుకంటే అక్కడ డివైడర్ ఉండదు. రాయపూర్ వెళ్లే లారీ ఇంకో లారీని దాటబోయి మీ లేన్లోకి వచ్చిందంటే, మిగతా సగం ఆగడానికి అతనికి కావాలి.

లెక్క వేసి చూపిస్తాను. పొడి రోడ్డు, మంచి టైర్లు, ముందు బ్రేకు సరిగ్గా వాడటం వచ్చిన చెయ్యి అనుకుందాం. ప్రమాదం కంటపడ్డాక బ్రేకు పడేసరికి ఒక సెకను పోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనుకే 14 మీటర్లు, బ్రేకు పడ్డాక ఇంకో 14, మొత్తం 28. 60లో 37. 80లో 57. 100లో 83, అంటే ఎనిమిది లారీలను వరసగా నిలబెట్టినంత. వాన పడితే బ్రేకు పడ్డాక పోయే దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

దీన్ని కొలవడానికి టేపు అక్కర్లేదు. మలుపులో రోడ్డు కనుమరుగయ్యే చోట ఒక గుర్తు పట్టుకోండి, కిలోమీటరు రాయో, గీత ముక్కో. అక్కడికి చేరేలోపు 4 సెకన్లు లెక్కపెట్టగలిగితే సరే. 50లో 4 సెకన్లంటే 55 మీటర్లు, ఇంచుమించు మీ 28కి రెట్టింపు. 60, 70ల్లో 5 సెకన్లు పెట్టుకోండి. మూడులోనే చేరిపోయారంటే, మీటరు ఎంత చూపిస్తున్నా సరే, ఎక్కువ తోలుతున్నట్టే.

ఇక వంపు. 40 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో 50కి బండి 26 డిగ్రీలు వంగుతుంది, 60కి 35, 70కి 44. రేసు ట్రాకు మీద 44 పెద్ద విషయం కాదు. ఘాట్‌లో అయితే, కుడి మలుపులో మధ్య గీతను ఆనుకుని 35 డిగ్రీలు వంచారనుకోండి, టైరు మీ లేన్లోనే ఉంటుంది, హెల్మెట్ ముప్పావు మీటరు అవతలి లేన్లో ఉంటుంది. ఎదురొచ్చే లారీ బంపరు ఉండేది అక్కడే. అందుకని కుడి మలుపుల్లో గీతకు ఒక మీటరు పైనే ఇవతల ఉండండి.

దారిలో సుంకి ఊరు దాటి దిగేటప్పుడు ఎడమ మలుపు ఒకటి ఊహించుకోండి. ఎడమ పక్కన కొండ, అవతల ఏముందో కనిపించదు. సగం తిరిగాక మీ దారిలో తాటికాయంత రాయి. రాత్రి అక్కడ లారీ ఆగిపోయి ఉంటుంది. క్లీనర్ వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, కాస్త వెనగ్గా చెట్టుకొమ్మలు పరిచి ఉంటాడు. రిపేరయ్యాక లారీ పోయింది, రాయి ఉండిపోయింది. పక్కనే ఇంజినాయిల్ మరక, దానిమీద దుమ్ము పడి తారు రంగులో కలిసిపోయింది. ఆ రాయిని పక్కకు దొర్లించడానికి పది సెకన్లు పట్టదు, అయినా వదిలేసి పోతారు. నిజంగా బాధేస్తుంది.

60లో వచ్చినవాడు ఇక్కడ రెండు తప్పులు చేస్తాడు. చూపు రాయి మీదే నిలబెడతాడు, చూపు ఎటుంటే బండి అటే పోతుంది. ఆపైన వంగి ఉన్న బండిమీద ముందు బ్రేకు లివర్ పిండేస్తాడు. బ్రేకు కొట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాపాడుతుందనుకోకండి. మామూలు ఏబీఎస్‌కు వంపు తెలీదు. వంపును కొలిచే కార్నరింగ్ ఏబీఎస్ కేటీఎం ఆర్‌సీ 390 లాంటి బళ్లకు వస్తుంది, ఆర్15కు రాదు. 45లో వచ్చినవాడికి మాత్రం టైముంటుంది. ఆక్సిలరేటర్ గభాలున వదలకుండా మెల్లగా మూయాలి, రాయి పక్కనున్న ఖాళీ వైపు చూడాలి, ఎడమకు తప్పుకోవాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. ఆగక తప్పదంటే ముందు బండిని నిటారుగా లేపి, తర్వాతే బ్రేకు. అప్పుడు కూడా లివర్‌ను మొదట తాకించి, ఫోర్కు (ముందు సస్పెన్షన్) కాస్త కిందికి దిగాక, నిమ్మకాయ పిండినట్టు బిగించుకుంటూ పోవాలి.

దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో వేసి ఇంజిన్‌తోనే పట్టి ఉంచండి. క్లచ్ పట్టుకుని, న్యూట్రల్ చేసి పెట్రోలు మిగిల్చేవాళ్లు బ్రేకు డిస్కును కాల్చేస్తారు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేకు ఉండదు. రెండేళ్లకోసారి మార్పించండి.

లుక్ కోసం వెనక 140 టైరు తీసి 150 వేయించేవాళ్ల గోల ఒకటి. ఆ రిమ్ముకు అంత వెడల్పు సరిపడక టైరు నడినెత్తి మొనదేలుతుంది. పట్టు పెరగదు సరికదా, మలుపులో బండి బద్ధకంగా తిరుగుతుంది. ఆ డబ్బు పెట్టి మంచి గ్లవ్స్, మోకాలి గార్డులు కొనండి. టైరు కొనేటప్పుడు పక్క గోడమీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. చిన్న ఊరి షాపులో పాత సరుకు అంటగడతారు. అద్దాలు మాత్రం విప్పకండి, వెనక బస్సు ఎంత దగ్గర్లో ఉందో తెలియకుండా బ్రేకు కొట్టడం ఆత్మహత్యే.

ఈ బండిలో అసలు బలం 7,400 ఆర్‌పీఎం దాటాకే, వీవీఏ (వేగం పెరిగాక ఇంజిన్ వాల్వులు ఎక్కువ తెరుచుకునేలా చేసే ఏర్పాటు) మారిన తర్వాతే. దాన్ని వాడుకోవాలని ఉంటే ఎక్కేటప్పుడు వాడండి, దారి బాగా కనిపించే చోట. ఎక్కుడులో బండి తక్కువ దూరంలో ఆగుతుంది. వేగ పరిమితి సంగతికొస్తే, 2018 కేంద్ర నోటిఫికేషన్‌లో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డులో బైకుకు 80, ఇలాంటి రోడ్డులో 60.

చలికాలం పొద్దున్నే జయపురంలో బయల్దేరితే టైర్లు చల్లగా ఉంటాయి, మొదటి పది కిలోమీటర్లు ఎక్కువ వంచకండి. టైర్లలో గాలి బయల్దేరకముందే, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీది స్టిక్కర్ ప్రకారం చూసుకోండి. నూర్పుల రోజుల్లో ఊళ్ల దగ్గర చోళ్ల (రాగుల) గడ్డి రోడ్డుమీదే పరిచేస్తారు. దానిమీద బ్రేకూ వంపూ రెండూ లేకుండా, నిటారుగా, 20లో దాటాలి.