తోటకూర వేసేముందు రంగు కాదు, జాతి చూడండి

వానాకాలంలో తోటకూర ఆకుల అడుగున తెల్లని బొబ్బలు వస్తున్నాయని, చలికాలంలో జానెడు పెరగగానే పూతకు వస్తోందని, ఎర్ర రకం వేస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయా అని అడిగారు. హైదరాబాదు నాగోలులోని మా మిద్దెతోటలో ఎనిమిదేళ్లుగా తోటకూర పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఎరుపు ఒక్కటే చూసి విత్తనం కొనకండి.

మనం తోటకూర అనే ఒక్క పేరుతో పిలిచేవి ఒకే జాతి మొక్కలు కావు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా సుగుణ (ఆకుపచ్చ), అర్కా అరుణిమ (ఎరుపు) రకాలు రెండూ అమరాంథస్ ట్రైకలర్ జాతివే. కోయంబత్తూరు నుంచి వచ్చిన కో-1 రకం మాత్రం అమరాంథస్ డూబియస్. ఢిల్లీ నుంచి వచ్చిన పూసా కీర్తి అమరాంథస్ లివిడస్. పూత చూస్తే మొదటి రెండు జాతులను గుర్తుపట్టవచ్చు. ట్రైకలర్‌కు పూలు ఎక్కువగా ఆకుల మొదళ్లలో గుత్తులుగా వస్తాయి, డూబియస్‌కు కొనన పొడవాటి కంకి వేలాడుతుంది.

మీరు చెప్పిన పూత సమస్య ఎక్కువగా ట్రైకలర్‌దే. పగటి పొద్దు తగ్గితే అది త్వరగా పూతకు వస్తుంది. దానికి తోడు మన నవంబరు, డిసెంబరు చలికి ఎదుగుదల మందగించడంతో ఆకు పెరగకముందే పూత కనిపిస్తుంది. అందుకే నేను అర్కా అరుణిమను ఫిబ్రవరి తర్వాతే చల్లుతాను.

తెల్ల బొబ్బలు తెల్ల త్రుప్పు తెగులు. ఒక వానాకాలం పొట్లం మీద ‘తోటకూర’ అని తప్ప రకం పేరు లేని విత్తనం కొని ఒత్తుగా చల్లితే, రెండో కోతకే మడి మొత్తం పీకేయవలసి వచ్చింది, ఆ బాధ నాకు ఇంకా గుర్తుంది. పక్క మడిలోని కో-1 మాత్రం దాదాపు శుభ్రంగా నిలిచింది. అర్కా సుగుణ కూడా ఈ తెగులును ఒక మోస్తరుగా తట్టుకుంటుంది, పైగా 90 రోజుల్లో ఐదారు కోతలు ఇస్తుంది. ఎరుపంటే రోగం రాదని అనుకోవడానికి లేదు: కేరళలో ఆకుమాడు తెగులుకు ఎర్ర తోటకూర లొంగిపోతుంటే కో-1 తట్టుకున్నందువల్ల, అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండింటినీ కలిపి వేయమని రైతులకు చెబుతోంది.

మీరు జూన్‌లో కో-1 గాని అర్కా సుగుణ గాని విత్తండి. చిటికెడు విత్తనాన్ని గుప్పెడు ఇసుకలో కలిపి పలుచగా చల్లి, ఆకులు తడవకుండా ఉదయం మొదళ్లకే నీరు పోయండి. బొబ్బ కనిపించిన ఆకును ఆ రోజే తుంచి తోట బయట పారవేయండి.